పుంజీ లెక్క

ఆ పొద్దున ఆకాశం ఇటుకలు నానబెట్టిన నీళ్లలా ఉంది. ఎర్రగానూ లేదు, తెల్లగానూ లేదు. తూర్పున ఒక్క మబ్బు తునక ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు నిలబడి ఉంది. ఎండాకాలం మొదట్లోనే అలాంటి మబ్బు కనబడితే ఇటుక బట్టీలవాళ్లు తలెత్తి చూస్తారు. తాపీ పనివాణ్ణి కాబట్టి నేనూ చూశాను. చూస్తూనే బడికి నడిచాను. ఆఫీసరు వస్తున్నాడని, కమిటీ పెద్ద తప్పకుండా ఉండాలని టీచరమ్మ కబురు పంపింది.

ఆ పెద్దను నేనే. నా నోట్లో నాలుక లేదని ఊరంతా అంటుంది. అందుకే నన్ను పెట్టారు. నాకు ముందున్నాయన మీటింగు పెడితే గంటకు తక్కువ మాట్లాడేవాడు కాదు. చివరికి తన పిల్లల్ని పట్నం బడి వ్యాను ఎక్కించి, బడి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నీకైతే ఇబ్బంది లేదులే, వింటే చాలు," అన్నాడు.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా. ఒకటి నుంచి ఏడు దాకా తరగతులు. ఉండాల్సిన ఇద్దరు టీచర్లలో ఒకరిని వేరే బడికి పంపేశారు. మిగిలిన టీచరమ్మ ఈ గదిలో పాఠం చెబుతూ, కిటికీలోంచి ఆ గదిలోవాళ్లను అదలిస్తూ ఉండేది.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. వస్తూనే మంచినీళ్లు అడిగాడు. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. గ్లాసు కడిగి పెట్టేవాడి మీద నాకు ఎందుకో కోపం రాదు. తర్వాత కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ తెరిచాడు.

"ముప్పై ఒక్కమంది. ఎవరెవరి పిల్లలమ్మా వీళ్లు?"

"పద్నాలుగు మంది బట్టీల పిల్లలండి," అంది టీచరమ్మ. "ఎనిమిది మంది కూలివాళ్ల పిల్లలు. ఆరుగురు గొర్రెల కాపర్ల పిల్లలు. దర్జీ గారి అమ్మాయి, చూపులేని తాత మనవడు, మేస్త్రి గారి అమ్మాయి."

"అంటే ఊరి పిల్లలు పెద్దగా లేరన్నమాట."

"బట్టీల పిల్లలూ ఊళ్లోనే ఉంటారండి."

"ఆర్నెల్లు," అన్నాడాయన.

అది నిజమే. వానలు వెనకబట్టాక బట్టీలు రాజుకుంటాయి, మళ్లీ వానలు రాకముందే ఆరిపోతాయి. పిల్లలు వాటితో వస్తారు, వాటితోనే పోతారు. మిగతా ఆర్నెల్లూ ఏ ఊళ్లో ఏం చదివారో, అసలు చదివారో లేదో ఎవరికీ తెలియదు. మా వీధివాళ్లు దాన్ని బట్టీల బడి అనేవాళ్లు. నువ్వొక్కడివేనా మీ అమ్మాయిని ఇంకా ఆ బూడిదలో కూర్చోబెట్టేది అని నన్ను అడిగేవాళ్లు. వ్యాను ఎక్కించే స్తోమత నాకు లేదు. ఆ మాట వాళ్లకూ తెలుసు కాబట్టి నేను చెప్పేవాణ్ణి కాదు.

"పోయినేడు ఐదో తరగతి పరీక్ష ఆరుగురు రాస్తే పాసైంది ఇద్దరు," అన్నాడు ఆఫీసరు. "ఈ ఏడు కూడా సగం దాటకపోతే బడి ఉండదు. పట్నం బడిలో కలిపేస్తారు. అది నా చేతిలో లేదు మేస్త్రి గారూ."

పట్నం తొమ్మిది కిలోమీటర్లు. మా చిన్నది అప్పుడు ఐదో తరగతే. బడి పోతే దాని చదువు ఆ వరండాలోనే ఆగిపోతుంది. ఆ సంగతి ఆయన విడిగా చెప్పక్కర్లేదు.

ఈ ఏడు పరీక్షకు కూర్చునేది ఐదుగురు. మా చిన్నది, దర్జీ కూతురు, గొర్రెల కాపరి కవలలు అక్కా తమ్ముడూ, ఒక బట్టీ పిల్ల. అందులో ముగ్గురు గట్టివాళ్లని టీచరమ్మ వేలు మడిచింది. దర్జీ కూతురు, కవలల్లో అక్క, మా చిన్నది. తమ్ముడి పేరు వచ్చేసరికి కిటికీ వైపు చూసింది. బట్టీ పిల్ల పేరు దగ్గర నిట్టూర్చింది.

ఆఫీసరు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఐదుగురిలో ముగ్గురంటే అరవై. ఏదో గట్టెక్కినట్టు. నలుగురిలో ముగ్గురంటే డెబ్బై ఐదు. డెబ్బై ఐదు కనబడితే పైవాళ్లు మళ్లీ మీ ఫైలు జోలికి రారు. ఎలాగూ ఆ బట్టీ పిల్ల పోయేదే కదా. ఊరు విడిచి పోయిందని రాసి కమిటీ పెద్ద సంతకం పెడితే చాలు. మీ మేలు కోరే చెబుతున్నాను."

నేను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆలోచిస్తానని కూడా అనలేదు. నేనేదైనా అనాల్సి వస్తే నాకు ఒక రోజు పడుతుందని టీచరమ్మే ఆయనకు సర్దిచెప్పింది.

ఇంట్లో మా ఆవిడ కాగితం చూసింది. "పెట్టి పడేయండి. మన పిల్ల సంగతి మనం చూసుకోవద్దా?"

మా అమ్మ కోడిపెట్టల్ని గూట్లోకి తోలుతూ, "వాడు సంతకం పెట్టేసరికి ఆ పిల్లకు పెళ్లయి పిల్లలు పుడతారు," అంది.

చిన్నది మాత్రం ఏమీ అనలేదు. మాట విషయంలో అది నా పోలికే. ఆ బట్టీ పిల్ల మూడేళ్లుగా దాని పక్కనే కూర్చుంటోంది. కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బడి వరండా మెట్టు కడదామని ఇటుకలు దించుకున్నాను. మెట్టు విరిగి రెండేళ్లయింది. సగం కట్టి, మిగతాదానికి సిమెంటు మాలు కలుపుతుంటే టీచరమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె చేతిలో బట్టీ పిల్ల లెక్కల పుస్తకం ఉంది.

"సంతకం పెట్టాక మీరు బాధపడతారేమోనని చూపిస్తున్నాను మేస్త్రి గారూ. నా మనసుకీ కష్టంగానే ఉంది. కానీ చూడండి. అంకెలు ఇచ్చి కూడమంటే కూడుతుంది, హెచ్చవేయమంటే హెచ్చవేస్తుంది. అదే మాటల్లో లెక్క ఇస్తే ఒక్కటీ రాదు. చదివింది అర్థం కావట్లేదు దానికి."

చేతులు కడుక్కుని పుస్తకం తీసుకున్నాను. తోటలో పన్నెండు వరసలు, వరసకు పదిహేను చెట్లు, మొత్తం చెట్లు ఎన్ని? ఆ పిల్ల నలభై ఐదు అని రాసింది. టీచరమ్మ ఎర్ర సిరాతో కొట్టేసింది. ఒక బుట్టలో ముప్పై ఎనిమిది పండ్లు, ఇంకో బుట్టలో ఇరవై నాలుగు, మొత్తం ఎన్ని? పదిహేను అని రాసి, పక్కన రెండు నిలువు గీతలు గీసింది. దానికీ ఎర్ర సిరా. పేజీ తిప్పాను. మళ్లీ ఎర్ర సిరా, మళ్లీ గీతలు. ఒకచోట మూడు, ఒకచోట ఒకటి.

"ఈ గీతలేంటమ్మా?"

"ఊరికే గీస్తూ ఉంటుంది. ధ్యాస ఉండదు."

నేను చదివింది ఏడో తరగతి దాకానే. కానీ ఇటుకల దగ్గర నలభై ఏళ్లున్నాను. ఆ పదిహేనునూ ఆ రెండు గీతల్నీ చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మాలు గట్టిపడుతోందని టీచరమ్మే గుర్తు చేసింది.

"ఆ పిల్లను ఒకసారి పిలవండి," అన్నాను.

వచ్చింది. సన్నగా ఉంటుంది. జడ కొసన దారం కట్టుకుంది. నేను మెట్టు పక్కన పేర్చిన ఇటుకలు చూపించాను.

"ఎన్నున్నాయమ్మా?"

ఒకసారి పైనుంచి కిందికి చూసింది. వేలు కూడా కదపలేదు. "ఇరవై ఆరు మామా. పైన మూడు."

మెట్టుకు వాడినవి పోగా నా లెక్కలో మిగిలినవి నూట ఏడు.

టీచరమ్మ మొహం వాడిపోయింది. చూశారా అన్నట్టు నా వైపు చూసింది. నేను చెప్పడానికి కొంచెం తడబడ్డాను. అంత పొడుగు మాట ఒక్కసారిగా చెప్పి నాకు చాలా ఏళ్లయింది.

"తప్పు లేదమ్మా. బట్టీలో ఇటుకలు చేతికి రెండు చొప్పున నాలుగేసి అందిస్తారు. ఆ నాలుగూ ఒక పుంజీ. లెక్క పెట్టేవాడు ఒకటి, రెండు అంటూ పోతాడు. ఒకటంటే నాలుగని అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగిలినవి పైన అంటారు. ఇరవై ఆరు పుంజీలు, పైన మూడు. నూట ఏడు. ఆ గీతలు ఆ పైనవి."

టీచరమ్మ పుస్తకం లాక్కున్నట్టే తీసుకుంది. పెదాలు కదుపుతూ ఒక్కో లెక్కా నాలుగుతో హెచ్చవేసుకుంది. రెండు పేజీలు అయ్యాక, నేను అప్పుడే కట్టిన పచ్చి మెట్టు మీద కూర్చుంది. లేవమనడానికి నాకు మనసొప్పలేదు.

"ఎందుకే నాకు చెప్పలేదు?" అంది పిల్లతో.

"మీరు ఎన్ని అని అడిగారు కదండి," అంది ఆ పిల్ల. "ఎన్ని అంటే పుంజీలే కదా."

"మూడేళ్లు సున్నాలు వేశాను నీకు."

ఆ పిల్ల నా వైపు చూసింది. "బడిలో ఎన్ని అంటే విడివిడిగా అమ్మా," అన్నాను. "ఒక్కోటీ ఒకటే."

అది ఇటుకల వైపు చూసింది. "మరి పగిలినవి? బట్టీలో పగిలినవి పక్కన పారేస్తాం మామా, లెక్కలోకి రావు."

నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె చీర కుచ్చిళ్లకు అంటిన మాలు దులుపుకుంటూ, "బడి లెక్కలో అన్నీ వస్తాయి. పో, వెళ్లి కూర్చో," అంది.

ఆ మెట్టు రెండోసారి కట్టాను. ఆఫీసరు పంపిన మనిషికి కాగితం సంతకం లేకుండా తిరిగిచ్చాను. ఏమని చెప్పమంటారు అని అడిగాడు. పిల్ల ఊళ్లోనే ఉందని చెప్పమన్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడం చెప్పినంత తేలిక కాలేదు. పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులుందనగా మబ్బులు నిజంగానే దిగాయి. ఒక సాయంత్రం జల్లు పడి, ఆరబెట్టిన పచ్చి ఇటుకలు సగం కరిగిపోయాయి. బట్టీ యజమాని ఈ ఏటికి ఇంతేనన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి వాళ్లు గుడిసెల రేకులు విప్పుతున్నారు. బట్టీ పిల్ల నాన్న గిన్నెలన్నీ గోనెసంచిలో కుక్కుతున్నాడు. ఆయన కూడా మాటకారి కాదు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడితే పని జరగదని ఆయన భార్య ముందుకొచ్చింది.

"ఏంటన్నా, ఇటుకలా? ఉన్నవన్నీ తడిసినవే."

"ఇటుకలు కాదు. పిల్ల."

"పిల్లా?"

"పరీక్ష అయ్యేదాకా మా ఇంట్లో ఉండనీ. తర్వాత వచ్చి తీసుకుపోండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తిండి ఎవరు పెడతారు?"

"మా అమ్మ."

"ఆమె ఒప్పుకుందా?"

"ఇంకా అడగలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. మొగుడి వైపు తిరిగి, "చూశావా, నీలాంటివాడు ఇంకొకడున్నాడు," అంది. ఆయన గోనెసంచి మూతి మళ్లీ విప్పి, పిల్ల బట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. అదే జవాబు.

మా ఇంట్లో మాత్రం అంత సులువుగా జరగలేదు. మా ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. మా అమ్మ వాకిట్లోనే నిలదీసింది. "ఒరేయ్, కమిటీ పెద్దవైతే బడి మొత్తం ఇంటికి తెస్తావా? రేపు గొర్రెల్ని కూడా తోలుకొస్తావా?"

ఆ పిల్ల చేతిలో మూట పట్టుకుని నిలబడింది. అమ్మ చేతిలో గుడ్ల బుట్ట ఉంది. తిడుతూనే గుడ్లు లెక్కపెడుతోంది, తిట్టేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తిట్టింది, మళ్లీ తప్పింది.

"తొమ్మిది అవ్వా," అంది ఆ పిల్ల. "పైన రెండు."

అమ్మ ఆగిపోయింది. బుట్టలోకి చూసి, నాలుగేసి గుడ్లు పక్కకు జరుపుతూ చివరిదాకా వెళ్లింది. తొమ్మిది పుంజీలు, పైన రెండు.

"ముప్పై ఎనిమిది నానమ్మా," అంది మా చిన్నది.

"నువ్వూరుకోవే. నీ లెక్క ఎవడికి కావాలి? నా అత్తగారి కాలం నుంచి ఈ ఇంట్లో గుడ్లకు పుంజీ లెక్కే. మీకందరికీ చదువులొచ్చి నా లెక్క తెలిసినవాళ్లే లేకుండా పోయారు." అమ్మ ఆ పిల్లను కిందికీ పైకీ చూసింది. "ఏం తింటావు?"

"ఏదైనా."

"ఏదైనా తినేవాళ్లే బలంగా ఉంటారు. మూట లోపల పెట్టు."

ఆ పూట నుంచి అమ్మ ఆ పిల్లను పుంజీ అనే పిలిచింది. రెండు రోజులకు మేమందరం అలాగే పిలిచాం. ఆ పద్దెనిమిది రోజులూ వింతగా గడిచాయి. టీచరమ్మ రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, అరుగు మీద పిల్లలిద్దరికీ లెక్కలు ఇచ్చేది. పుంజీ విడి లెక్క చేసేది. అమ్మ లోపల్నుంచి, "దాని బుర్ర పాడుచేస్తున్నారు," అనేది. టీచరమ్మ వెళ్లిపోయాక గుడ్ల బుట్ట ముందు పెట్టి మళ్లీ తన లెక్క అడిగేది. పిల్లకు రెండు లెక్కలూ రెండు చేతుల్లా అయ్యాయి. మా ఆవిడ మొహం మూడో రోజుకు మామూలైంది. ఐదో రోజుకు ఇద్దరి తలలూ ఒకే నూనె గిన్నె పెట్టుకుని దువ్వింది. పడుకున్నాక గోడ అవతల్నుంచి పుంజీ గుసగుసలు వినబడేవి. మా చిన్నది అప్పుడప్పుడూ ఊఁ అనేది. మధ్యలో ఒకసారి నవ్వింది. అది నవ్వితే అలా ఉంటుందని నేను మర్చిపోయాను.

పరీక్ష రాశారు. మూడు వారాలు గడిచాయి. ఫలితాలు వచ్చే పొద్దున పుంజీ అమ్మానాన్నలు వచ్చారు. కొత్తచోట పని దొరికిందట, పిల్లను తీసుకుపోదామని వచ్చారు. మధ్యాహ్నం కావస్తుండగా టీచరమ్మ పట్నం నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి చెప్పింది.

"ముగ్గురు. బడి ఉంటుంది."

అమ్మ చేతులెత్తి పైకి దండం పెట్టింది. మా ఆవిడ నీళ్లు తెచ్చిచ్చింది. టీచరమ్మ నీళ్లు తాగలేదు. గ్లాసు పట్టుకునే నిలబడింది. అప్పుడు నాకు తెలిసింది, ఆమె ఇంకా పేర్లు చెప్పలేదని.

"దర్జీ గారి అమ్మాయి. కవలల్లో అక్క. పుంజీ," అంది.

మా చిన్నది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కదలలేదు.

"మీ అమ్మాయికి లెక్కల్లో మంచి మార్కులే మేస్త్రి గారూ. భాషలో ఐదు తగ్గాయి. పేపరు అడిగి చూశాను. మా ఇల్లు అనే విషయం మీద పది వాక్యాలు రాయమన్నారు. పుంజీ పద్నాలుగు రాసింది. గుడ్లు, కోళ్లు, అవ్వ తిట్లు, తలకు నూనె, అన్నీ. అది మీ ఇంటి గురించే. మీ అమ్మాయి రెండే రాసింది."

"ఏం రాసింది?" అన్నాను.

"మా ఇల్లు మా నాన్న కట్టాడు. గట్టిగా ఉంటుంది."

"మిగతా ఎనిమిదీ ఎందుకు రాయలేదే?" అంది మా ఆవిడ. గొంతులో కోపం లేదు.

చిన్నది నా వైపు చూసింది. "అంతే కదమ్మా," అంది.

తప్పు ఎవరిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నోరు తెరిచి అనలేదు, అది వాళ్ల మంచితనం.

నేను లోపల లెక్క వేసుకున్నాను. ఆఫీసరు కాగితం మీద నేను సంతకం పెట్టి ఉంటే నలుగురు రాసేవాళ్లు. ఇద్దరు పాసయ్యేవాళ్లు. సగం దాటేది కాదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వచ్చేవాణ్ణి. పరీక్ష తప్పిన నా కూతురు కూర్చోవడానికి వరండా కూడా ఉండేది కాదు. గట్టిదని నేను నమ్ముకున్నది నిలబడలేదు. పేరు కొట్టేయమన్న పిల్ల వల్ల బడి నిలబడింది. అది నాకు చేసిన మేలు అని పుంజీకి తెలియదు. దాని మొహంలో అప్పుడు సంతోషం కూడా లేదు, మా చిన్నదాని చెయ్యి పట్టుకుని నేల చూస్తోంది.

ఆ తర్వాతి ఏడాది మా చిన్నది అదే గదిలో మళ్లీ ఐదో తరగతి చదివింది. రోజూ పని నుంచి రాగానే నేను దానికి పది మాటలు చెప్పాలని మా ఆవిడ రూలు పెట్టింది. ఎక్కడ గోడ కట్టానో, ఎవరు ఏమన్నారో, ఎండ ఎలా ఉందో. మొదట్లో నాలుగు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. పుంజీ వేళ్లు మడిచి, ఒక పుంజీయే అయింది మామా, ఇంకా చెప్పు అనేది. బట్టీలు ఉన్నా లేకపోయినా అది ఏడో తరగతి దాకా మా ఇంట్లోనే ఉంది. ఇదంతా ఇంత పొడుగున చెప్పగలుగుతున్నానంటే అది వాళ్లిద్దరి పుణ్యమే. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం మాత్రం పుంజీ నాన్న లేచి, మూట కోసం చూశాడు. నేను అడ్డం నిలబడి, "ఆరో తరగతి కూడా ఇక్కడే చదవనీ," అన్నాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె మా అమ్మ వైపు చూసింది.

"నన్నేం చూస్తారు? కూర్చోండి, అన్నం చల్లారిపోతోంది," అంది అమ్మ.

టీచరమ్మను కూడా కూర్చోబెట్టింది. ఎనిమిదిమందిమి నేల మీద వరసగా కూర్చున్నాం. మా ఆవిడ వడ్డించింది, తర్వాత తనూ కూర్చుంది. పుంజీ నాన్న తల వంచుకుని పెద్ద పెద్ద ముద్దలు తిన్నాడు. ఆయన భార్య మధ్యమధ్య చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. టీచరమ్మ అప్పుడు గ్లాసెడు నీళ్లూ తాగింది. చిన్నది మొదట మెతుకులు కెలికింది. పుంజీ తన కంచం దాని కంచానికి ఆనేలా జరిపి తినడం మొదలుపెట్టింది. కాసేపటికి చిన్నది కూడా తిన్నది, మారు అన్నం కోసం కంచం ముందుకు జరిపింది. అమ్మ వడ్డించింది. మేం అందరం తింటూనే ఉన్నాం.